ఎనిమిది పడని పెట్టెలు

శ్రీనివాసరావు శవం ఆటపాక దగ్గర కొల్లేట్లో గుర్రపుడెక్క కింద దొరికింది. మెడ మీద సూది గుర్తు. ఫుడ్ లాబ్‌లో ఆఫీసరు. చనిపోయేముందు ఫోన్లో ఒక్క మాటే అనగలిగాడు: "పాలు..."

తాడేపల్లిగూడెం గోడౌన్ గేటు దగ్గర ఆటో దిగింది ఏజెంట్ భాగ్యశ్రీ. ఉల్లిపాయల కొట్టు గుమస్తా భార్య వేషం. చేతిలో టిఫిన్ కారియర్, అడుగు గిన్నెలో పిస్టల్.

గేటు పక్కన బీడీ కాలుస్తున్న పెద్దాయన అడిగాడు. "గూడబాతులు వచ్చేశాయాండీ?"

"నీళ్లు తగ్గాక వస్తాయండీ."

కోడ్ సరిపోయింది. ఆయన చీఫ్ కోదండరామయ్య.

"విదేశీ ముఠా. కోడ్ నేమ్ మోనార్క్. అంగన్‌వాడీ పిల్లల పాలలో విషం కలిపారని సమాచారం. మొత్తం పద్దెనిమిది వందల పెట్టెలు. అరవై టెస్ట్ చేశాం. అన్నీ క్లీన్."

"ఏ అరవై విప్పాలో ఎవరు చెప్పారండీ?"

"ఉషశ్రీ గారు. వట్లూరులో ఇంజినీరింగ్ పిల్లలకి ప్రాబబిలిటీ చెప్తారు. మన ఏజెంటే. కంప్యూటర్ ఇచ్చిన ర్యాండమ్ నంబర్లు ఆవిడే చదివారు. క్లీన్ అన్నారని ఒక లారీ వదిలేశాం. గుండుగొలను వెళ్లింది."

భాగ్యశ్రీ గబగబా గోడౌన్‌లోకి నడిచింది. ఆమె మూడేళ్ల కూతురు సింధూరి గుండుగొలను అంగన్‌వాడీలోనే ఉంది.

లోపల ఉషశ్రీ ఉంది. నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, ఘాటైన సెంటు. "భయమెందుకండీ? స్టాటిస్టిక్స్ అబద్ధం చెప్పదు."

విప్పిన పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీది నంబర్ల అంకెలు భాగ్యశ్రీ అలవాటుగా కూడుకుంటూ నడిచింది. బండి నంబరు చూసినా, సెల్ నంబరు చూసినా ఇక్కడ అందరూ చేసే పనే అది. తొమ్మిది వస్తే సంబరం. ఎనిమిది వస్తే శని, వద్దంటారు.

ఐదు. ఒకటి. తొమ్మిది. మళ్లీ తొమ్మిది. చివరిదాకా వెళ్లి ఆగింది.

"ఒక్కటీ ఎనిమిది పడలేదేంటండీ?"

"యాదృచ్ఛికం," నవ్వింది ఉషశ్రీ.

"ర్యాండమ్‌కి శని తెలీదండీ. తొమ్మిదింటికొకటి చొప్పున అరవైలో ఆరో ఏడో పడాలి. అసలు పడకపోవడం వెయ్యికి ఒక్కసారి కూడా జరగదు. ఈ పెట్టెలు కంప్యూటర్ ఏరలేదు. మీరు ఏరారు."

"బాగానే చదివావే!"

"అకాడమీలో ఆ పేపరు రెండుసార్లు తప్పానండీ. అందుకే గుర్తుంది."

అంకెలు కూడితే ఎనిమిది వచ్చే మూడు వందల ఐదో నంబరు పెట్టె చించి, పెన్ను సెన్సర్ పాలలో ముంచింది. ఎర్ర లైటు.

ఉషశ్రీ నవ్వు ఆగిపోయింది. "విషం ఎనిమిది పడే పెట్టెల్లోనే ఉంది. మనవాళ్లు చేత్తో ఏరినా ఎనిమిది జోలికి పోరని మోనార్క్‌కి చెప్పింది నేనే." ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. భాగ్యశ్రీ పైగిన్నెలోని వేడి చారు మొహాన కొట్టింది. బ్యాగ్‌లోంచి ఉషశ్రీ తీసిన తుపాకీ పైకప్పు వైపు పేలింది. కోదండరామయ్య ఉషశ్రీ చేతులు విరిచి పట్టుకున్నాడు.

భాగ్యశ్రీ అప్పటికే ఫోన్ చేస్తోంది. అంగన్‌వాడీ టీచర్ సువార్తమ్మ ఎత్తింది.

"పాలు పోసేశానమ్మా. పిల్లలు దణ్ణం పెట్టుకుంటున్నారు, అయ్యాక..."

"పారబోయండి!"

"పిల్లల నోటికాడివా తల్లీ?"

"విషం, సువార్తమ్మగారూ! విషం!"

స్టీలు గ్లాసులు నేలకేసి కొట్టిన చప్పుడు. పిల్లల ఏడుపులు. ఆ గోలలో ఒక గొంతు భాగ్యశ్రీకి తెలుసు.

"మా సింధూరి..."

"పెదవి దాకా ఎత్తిందమ్మా. తాగలేదు. నేనే చేతిమీద కొట్టాను, అందుకే ఏడుస్తోంది."

"ఏడవనివ్వండి," అంది భాగ్యశ్రీ.

కాసేపటికి చీఫ్ దగ్గరికొచ్చాడు. "లారీలన్నీ ఆపేశాం. హెడ్ క్వార్టర్స్‌కి రిపోర్ట్ పంపాలమ్మా. ఇక ప్రమాదం జరిగే ప్రాబబిలిటీ సున్నా అని రాసెయ్యనా?"

భాగ్యశ్రీ చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"సున్నా అని పిల్లల్లేనివాళ్లు రాస్తారండీ. నా సంతకం కావాలంటే ఇంకేదైనా అంకె వేయండి."