రిష్ వాలు మీద మూడో మనిషి

మా లోయలో చీకటి పడే వేళ రిష్ వాలు దాటే మొనగాడు లేడు. నా చిన్నతనంలో రిష్ అనే ఆయన ఒంటరిగా ఆ కొండవాలు దాటబోయి మంచు కింద పోయాడు. అప్పట్నుంచీ దాని మీద కాలు పెడితే అడుగున ఎవరో... మూలుగుతారు. మంచు జారబోయే ముందు లోపలి పొర అలాగే మూలుగుతుందని గైడ్లు అంటారు. ఏదయితేనేం, మూలుగు వినపడితే వెనక్కి తిరగాలి.

నేను దెయ్యాల్ని నమ్మను. మా మరిది ఆండ్రీని అంతకన్నా నమ్మను. ఇది మా తమ్ముడు ఫ్లూరిన్ చెప్పాడు గనక చెబుతున్నాను.

ఆ రోజు వాళ్ళిద్దరూ కొండమీది గుడిసె కప్పు నుంచి మంచు తొయ్యడానికి స్కీల మీద వెళ్ళారు. తిరిగొస్తుంటే ఫోన్ — ఆండ్రీ భార్య, మా చెల్లెలు మదలైనాకి నొప్పులు మొదలయ్యాయని.

రిష్ వాలు అడ్డంగా దాటితే ఇల్లు అరగంట. చెట్ల గట్టు చుట్టి వస్తే రాత్రవుతుంది. రెండ్రోజులుగా గాలి మంచంతా మోసుకొచ్చి ఆ వాలు మీదే పోసింది. అయినా ఆండ్రీ ఆగేలా లేడు. చేతితొడుగులున్నా వేళ్ళు గడ్డకట్టాయని తిట్టుకుంటూ, వేళ్ళ మీద ఊదుకుంటూ, వాలు అంచున నిలబడ్డాడు.

దాటే ముందు ఒకరి బీకన్ ఒకరు చూసుకోవడం మాకు అలవాటు. మంచు కప్పేస్తే మనిషి ఎక్కడున్నాడో కూత పెట్టి చెప్పే పెట్టె అది, గుండె మీద కట్టుకుంటాం. ఫోన్లు దాన్ని తికమక పెడతాయని ఇద్దరూ వాటిని ఆపేశారు. ఫ్లూరిన్ తన పెట్టెను వెతికే వైపు తిప్పాడు.

అందులో ఆండ్రీ ఒక్కడే కనపడాలి. ఇద్దరు కనపడ్డారు.

"సంచిలో ఇంకోటి దాచావా బావా?" ఫ్లూరిన్ గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కడ నా పెళ్ళాం నొప్పులు పడుతుంటే ఇక్కడ నీతో వేళాకోళమా? పద."

"ముందు నీది ఆపు."

ఆపాడు. రెండో కూత మాత్రం ఆగలేదు... వాలు నడిమధ్య నుంచి వస్తోంది. నలభై మీటర్లు. ఇద్దరూ నిలబడ్డచోటే నిలబడ్డారు. అంకె మాత్రం తగ్గుతోంది. ముప్ఫై... ఇరవై... తొమ్మిది —

"గట్టు మీంచే పోదాం," అని గొణిగింది ఆండ్రీయే.

వాళ్ళు చెట్లలోకి చేరారో లేదో, వెనక వాలంతా ఉరుముతూ కిందికి దిగిపోయింది. అర్ధరాత్రి ఇల్లు చేరేసరికి పాప ఏడుపు గుమ్మంలోకే వినపడింది. ఆండ్రీ స్కీలు విప్పకుండానే ఏడ్చేశాడట.

పాపకి పేరు పెట్టిన రోజు, వాల్‌నట్ కేకు కోస్తూ నేనే గుట్టు విప్పాను. నాకు మొదట్నుంచీ ఆ చేతితొడుగుల మీదే అనుమానం. మదలైనా ముచ్చటపడి కొనిచ్చినవి, బ్యాటరీతో వెచ్చబడేవి. ఫోన్లలాగే అవీ బీకన్‌ని తికమక పెడతాయి, లేని మనిషిని చూపిస్తాయి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నిజం చెప్పొద్దూ, నా మనసూ తేలికపడింది.

మదలైనా ఒక్కతే నవ్వలేదు. పాపని దగ్గరికి లాక్కుంది.

"అక్కా... ఆ బ్యాటరీలు ఆ రోజంతా నా మంచం పక్కనే చార్జింగులో ఉన్నాయి. ఈయన మర్చిపోయి వెళ్ళాడు."