సత్యవాణి నల్లపొడి

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు జాముల్ రోడ్డులో ఒక లారీ డాక్టర్ సత్యవాణి స్కూటర్‌ను గుద్దేసి పోయింది. ఆమె ప్రాణం అక్కడే పోయింది. బ్యాగ్‌లోని నోట్‌బుక్, నల్లపొడి సీసా మాయమయ్యాయి.

"యాక్సిడెంట్ కాదు, మర్డర్," అన్నాడు ఫోన్‌లో గూఢచారి శాఖ చీఫ్ గురునాథరావు. "గ్రాఫీన్ కలిపిన క్యాటలిస్ట్ ఆ నల్లపొడి. ఎండ తగిలితే మురుగునీటిలోని ఫినాల్ విషాన్ని విరగ్గొట్టేస్తుంది. ఏటేటా ఫిల్టర్లు అమ్ముకునే విదేశీ ముఠా దాన్ని కొని పాతిపెట్టాలని చూస్తోంది. మధ్యాహ్నం హోటల్లో డీల్. అమ్ముతున్నది మన రజనీకుమారి."

ఏజెంట్ సింహాద్రికి ఒళ్లు మండిపోయింది. సత్యవాణికి కాపలాగా డిపార్ట్‌మెంట్ పెట్టిన మనిషే రజనీకుమారి. కంచే చేను మేసింది! నాలా పక్క బస్తీలో బోరునీళ్లు తాగి పిల్లలు కక్కుకుంటుంటే చూడలేక, సత్యవాణి ఆ పొడి కోసం ఆరేళ్లు ఒళ్లు హూనం చేసుకుంది. పొడి తయారీ రాసుకున్న నోట్‌బుక్ పోతే ఆరేళ్లూ బూడిదే.

పన్నెండింటికి సింహాద్రి ఏసీ మెకానిక్ వేషంలో హోటల్ బాల్కనీలో కూర్చున్నాడు. గదిలో మాటలు వినడానికి చెవిలో ఇయర్‌పీస్. లోపల పట్టుచీరలో మెరిసిపోతూ రజనీకుమారి గ్లాసుడు నీలిరంగు నీళ్లలో పొడి కలిపింది. రంగు పోతేనే బేరం.

బయట మెకానిక్‌ను చూసి, కొనడానికొచ్చిన విదేశీయుడు దళసరి కర్టెన్లు లాగేశాడు.

సింహాద్రికి అంత కోపంలోనూ నవ్వొచ్చింది. గూఢచారి బుద్ధి! వెలుగుతో పనిచేసే సరుకును చీకట్లో పరీక్షిస్తున్నారు. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇరవై నిమిషాలు గడిచాయి.

"ఇంకా నీలంగానే ఉంది. ఫేక్! అసలుది ఎక్కడ?" విదేశీయుడి గొంతు. వెంటనే పిస్తోలు సేఫ్టీ తీసిన చప్పుడు.

సింహాద్రి తలుపు తోసి కర్టెన్‌ను ఒక్క గుంజు గుంజాడు. మధ్యాహ్నపు ఎండ విదేశీయుడి కళ్లలో పడింది. తూటా సీలింగ్‌కు తగిలింది, సింహాద్రి స్పానర్ అతని మణికట్టుకు తగిలింది.

"బతికించావు సింహాద్రీ!" అంది రజనీకుమారి.

"నిన్ను కాదే, సత్తెవాణక్క పుస్తకాన్ని! ఆ లారీకి టైం సెప్పింది నువ్వు కాదేటి?" టేబుల్ మీది నోట్‌బుక్ తీసుకుని, ఇద్దరికీ బేడీలు వేశాడు.

పోలీసులొచ్చి వాళ్ల పేర్లు రాసుకునేసరికి ఎండలోని గ్లాసులో పొడి అడుగుకు దిగి, పైన నీళ్లు తేటపడ్డాయి. సింహాద్రికి కన్నీళ్లు ఆగలేదు. కోపమూ తగ్గలేదు.

"శభాష్! నోట్‌బుక్ టాప్ సీక్రెట్," అన్నాడు ఫోన్‌లో చీఫ్. "వెంటనే ఢిల్లీ లాకర్‌కు పంపించెయ్."

"అలాగే సార్," అన్నాడు సింహాద్రి జెరాక్స్ షాపు ముందు నిలబడి. "అరవై కాపీలు అవనీండి. బస్తీకి, కాలేజీలకి పంచగా మిగిల్తే మీ లాకర్‌కే!"