మూడో నంబరు పంపు చప్పుడు

గోవిందు చనిపోయిన మూడో రోజు ఉదయం ఏజెంట్ జయకర్ పలాస స్టేషన్‌లో దిగాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చేతిలో సౌండ్ మీటర్ల పెట్టె, జేబులో క్యాలిబ్రేషన్ టెక్నీషియన్ అని దొంగ ఐడీ కార్డు. రైల్లో నిద్ర పట్టలేదు. ఈ ఉద్యోగంలో సరిగ్గా నిద్రపోయి చాలా ఏళ్ళయింది.

చీఫ్ ఇందుమతి బ్రీఫింగ్ చిన్నదే. కంప్యూటర్ ప్రాసెసర్లను చల్లబరిచే లిక్విడ్ కూలర్లను టెక్కలిలోని ఒక ల్యాబ్ పరీక్షిస్తోంది. టెస్టులో నెగ్గిన కూలర్‌ను సంతబొమ్మాళి తీరంలోని రాడార్ సర్వర్‌కు బిగించారు. ఈ సాయంత్రం నాలుగింటికి స్విచాన్. టెస్ట్ ఇంజినీర్ గోవిందు కాశీబుగ్గలో లారీ కింద పడ్డాడు. లారీని పంపింది ఒక విదేశీ ముఠా. చనిపోయే ముందు అతను కూలర్‌లో తేడా ఉందని మన ఆఫీసుకు ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. రుజువు లేనిదే రాడార్ ఆపేది లేదని పైవాళ్ళన్నారు.

"ల్యాబ్ హెడ్ ప్రమోదిని మన ఏజెంటే. అయినా ఓ కన్నేసి ఉంచు," అంది చీఫ్.

ప్రమోదినికి ట్రైనింగ్ ఇచ్చింది జయకరే. చీఫ్ మాట అతనికి నచ్చలేదు.

ల్యాబ్ గుమ్మంలోనే ఆమె ఎదురైంది. నల్ల కళ్ళద్దాలు, నీలం పట్టుచీర, ఖరీదైన సెంటు.

"జీడితోటలు పూశాయా?" అన్నాడు జయకర్.

"తుఫానుకు పూత రాలింది," అంది ప్రమోదిని. కోడ్‌వర్డ్ సరిపోయింది.

ఆమె రిపోర్టు చూపించింది. నెగ్గింది మూడో నంబరు కూలర్. ఫుల్ లోడ్‌లో అరవై రెండు డిగ్రీలు, ఇరవై నాలుగు డెసిబెల్స్. మిగతా నాలుగూ దాని దరిదాపుల్లో లేవు. రాడార్ కేంద్రానికి వెళ్ళింది అచ్చం అలాంటిదే ఇంకొకటి.

సౌండ్‌ప్రూఫ్ గదిలో మూడో నంబరు కూలర్ నడిపిస్తూ జయకర్ మూడు గంటలు కూర్చున్నాడు. మీటరు అంకె మంచిగానే ఉంది. ఊడ్చడానికి వచ్చిన నూకమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెది ఉద్దానం తీరంలో చేపలు పట్టే కుటుంబం. ఏం వినిపిస్తోందని జయకర్ అడిగాడు.

"పని ఒకేలాగ సేత్తంది బాబూ, సప్పుడు మాత్రం మారతంది. మా బోటింజను ఇలాగ మోగితే లోపల ఏదో ఉందనుకుంతాం."

ఆమె వెళ్ళాక జయకర్ స్క్రీన్ చూశాడు. వేడి అర డిగ్రీ కూడా మారలేదు. కూలర్‌లో లిక్విడ్‌ను తిప్పే పంపు వేగం మాత్రం సన్నగా పెరుగుతోంది, తగ్గుతోంది. కంప్యూటర్‌లో నాలుగక్షరాల ఫైలు పెట్టి పదిసార్లు నడిపాడు. పదిసార్లూ పంపు ఒకే వరసలో మూలిగింది. కూలర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్, కంప్యూటర్‌లోని ఫైళ్ళను చదివి చప్పుడుగా మార్చి బయటికి పంపుతోంది. రాడార్ కేంద్రం కంచె అవతల మైకు పట్టుకుని ఒకడు కూర్చుంటే చాలు. తీరంలో ఏ గస్తీ నౌక ఎక్కడుందో ముఠాకు తెలిసిపోతుంది.

టైము మూడూ యాభై. ఫోన్ తీశాడు.

"కింద పెట్టండి సార్." గుమ్మంలో ప్రమోదిని. చేతిలో పిస్టల్.

చీఫ్‌కు చెప్పినా పైవాళ్ళు కదిలేసరికి నాలుగు దాటుతుంది. స్విచాన్‌ను వెంటనే ఆపే కోడ్ తెలిసింది ల్యాబ్ హెడ్‌గా ఆమెకే. ఆమె గొంతు వింటేనే అవతల ఆపుతారు.

"గోవిందు వెళ్ళే దారి ముఠాకు చెప్పింది నువ్వేనా?"

"బెదిరించి వదిలేస్తారనుకున్నాను." ఆమె గొంతు నీరసంగా ఉంది. "పదకొండేళ్ళు రెండు పక్కలా పనిచేశాను. అలసిపోయాను సార్."

"నేనూ అలసిపోయాను," అంటూ జయకర్ స్టూలు మీద కూలబడ్డాడు. తన పిస్టల్ తీయలేదు. గోవిందు మెసేజ్ ప్లే చేశాడు. రైల్లో అది నాలుగుసార్లు విన్నాడు, నమ్మబుద్ధి కాలేదు.

"మూడోదాంట్లో ఏదో తేడా ఉంది సార్. ముందు ప్రమోదిని మేడమ్‌కి సెప్తాను. ఆవిడ సూసుకుంతారు."

పంపు అదే వరసలో మూలుగుతూనే ఉంది. మూడూ యాభై ఎనిమిదికి ఆమె పిస్టల్ బల్ల మీద పెట్టి ఫోన్ అందుకుంది. కోడ్ చెప్పింది. స్విచాన్ ఆపేశామని అవతలివాళ్ళు చెప్పేసరికి నాలుగింటికి ఇంకా పన్నెండు సెకన్లున్నాయి.

కంచె పక్క కొబ్బరితోటలో మైకుతో సహా ముఠా మనిషి దొరికాడు. ప్రమోదినికి సంకెళ్ళు జయకరే వేశాడు. ఆ పని ఇంకెవరి చేతా చేయించబుద్ధి కాలేదు. రిపోర్టులో లోపం కనిపెట్టినవారు అన్నచోట నూకమ్మ పేరు రాశాడు.

మరిప్పుడు సర్వర్‌కు ఏ కూలర్ పెట్టాలని చీఫ్ ఫోన్ చేసింది.

"ఐదో నంబరు పెట్టండి మేడమ్. నాలాగే తొందరగా వేడెక్కుతుంది, గట్టిగా మూలుగుతుంది. రిటైరయ్యేదాకా మాత్రం పనిచేస్తుంది."