డెడ్‌లైన్‌కి పాత అర్థం

"లీలాకుమారి గీత దాటితే కాల్చెయ్," అన్నాడు చీఫ్ వెంకటేశ్వరరావు.

ఏజెంట్ శ్రీకాంత్ కుర్చీలోంచి లేచాడు. "సార్, ఆమె మన డబుల్ ఏజెంట్. నేనే తెచ్చిన."

"అందుకే నీకప్పగిస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం జూబ్లీ హిల్స్ రెస్టారెంట్లో శత్రువుల మనిషితో భోంచేసింది. మనకి రిపోర్టు లేదు. రేపటి ఆపరేషన్ పేరు డెడ్‌లైన్."

"సాఫ్ట్‌వేరోళ్ళు పొద్దుగాల లేస్తే గదే మాటంటరు గద సార్."

"మాదాపూర్లో అది గడువు. పుట్టింది మాత్రం అమెరికా అంతర్యుద్ధపు జైల్లో. ఖైదీల చుట్టూ గీత గీసేవారు. దాటినవాణ్ణి కావలివాడు కాల్చేవాడు. గడువన్న అర్థం తర్వాత పత్రికలవాళ్ళు తగిలించారు. నాకు పాత అర్థమే కావాలి."

మర్నాడు ఫిల్మ్ నగర్ స్టూడియోలో కొత్త సినిమా ప్రారంభోత్సవం. తొలి క్లాప్ కొట్టేది సైంటిస్టు బసవపున్నయ్య. నేవీ రహస్య సందేశాల సాఫ్ట్‌వేర్ ఆయన బుర్రలోదే. ఆయన్ని లేపేయాలని విదేశీ ముఠా కాచుకుని ఉంది. దేవుడి పటాల ముందు పెద్ద ముగ్గు వేశారు, దాని అవతల ఆయన నిలబడ్డాడు. ఆ ముగ్గే గీత.

స్టిల్ ఫోటోగ్రాఫర్ వేషంలో ఉన్న శ్రీకాంత్ లెన్స్‌లో సైలెన్సర్ పిస్టల్ ఉంది. ఆకుపచ్చ పట్టుచీరలో హీరోయిన్ లీలాకుమారి అతన్ని చూసి నవ్వింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ నవ్వు చూశాక అతనికి తెలిసొచ్చింది.

ప్రొడక్షన్ టోపీ పెట్టుకున్న ఒకడు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, సైంటిస్టుకి దిష్టి తీయబోయాడు. లీలాకుమారి ఒక్కసారిగా ఏదో అరిచింది. డోలు సన్నాయి హోరులో ఎవరికీ వినపడలేదు. కుచ్చిళ్ళు పైకెత్తి పరుగెత్తింది.

"దాటింది! కాల్చు!" చెవిలో చీఫ్ గొంతు.

శ్రీకాంత్ వేలు బిగిసింది. ఆమె చూపు ఎటుందో అప్పుడు చూశాడు. గుమ్మడికాయ! సినిమావాళ్ళు మొదటిరోజు కొబ్బరికాయ కొడతారు. గుమ్మడికాయ కొట్టేది షూటింగ్ అంతా ముగిసిన రోజునే. ప్రారంభం నాడు దాన్ని గేటు లోపలికి తెచ్చేవాడు సినిమా మనిషి కాడు.

లెన్స్ పక్కకి తిరిగింది. తూటా టోపీవాడి మోకాల్లో దిగింది. జారిపోతున్న గుమ్మడికాయని లీలాకుమారి ఒడిసిపట్టి, మండే కర్పూరాన్ని వట్టి అరచేత్తో నలిపేసింది. కర్పూరం అడుగున బాంబు ఫ్యూజు కొస అప్పుడే నల్లబడుతోంది.

కాలిన చేతికి డాక్టరు కట్టు కడుతుంటే శ్రీకాంత్ పక్కన కూర్చున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"నిన్నటి భోజనం సంగతి చెప్పలేదేంది?"

"వాళ్ళ మనుషులు ఇంటిదాకా వెంటే వచ్చారు. ఫోన్ కూడా లాగేసుకున్నారండీ." ఆమె అతని కెమెరా వైపు చూసింది. "నన్ను కాల్చేసేవారేనా?"

"చచ్చినా కాల్చేటోణ్ణి కాదు."

లీలాకుమారి బాగున్న చెయ్యి అడ్డంగా ఊపింది.

"డైలాగ్ డెలివరీ బాలేదండీ, నమ్మేట్టు లేదు," అంది. "ఇంకో టేక్ ఇవ్వండి."