పద్నాలుగో జాగాలో మీట నొక్కితే

ఆ క్యాంపులో బండ్లు ఆపుకోవడానికి ముప్పై జాగాలున్నాయి. ఇరవై తొమ్మిదింటి కోసం జనం కొట్టుకు చస్తారు. పద్నాలుగో నంబరు మాత్రం ఎప్పుడూ ఖాళీ.

న్యూమెక్సికో ఎడారిలో, హైవేకి బాగా ఎడంగా ఉంటుందది. అక్టోబరు వచ్చిందంటే చాలు, ఉత్తరాది ముసలాళ్ళంతా చలికి జడిసి ఆర్వీలేసుకుని దక్షిణానికి దిగుతారు. ఆర్వీ అంటే పొయ్యి, పక్క, పాయిఖానా అన్నీ లోపలే ఉన్న బండి. అంత పెద్ద దేశం తిరుగుతారా, ఎక్కడ ఆగినా నాలుగింటికల్లా కుర్చీలు బయటేసుకుని, ఎవరి మురుగుట్యాంకు ఎంత నిండిందో చెప్పుకుంటారు. అదీ వాళ్ళ లోకజ్ఞానం.

అలాంటివాళ్ళు కూడా పద్నాలుగు మాటొస్తే గొంతు తగ్గిస్తారు. చీకటి పడ్డాక అక్కడ స్లైడు మీట నొక్కకూడదట. నొక్కితే... గోడలోంచి ఏదో గీకుతుందట.

స్లైడంటే మరేం లేదు. బండి ఆగాక మీట నొక్కితే పక్కగోడ సొరుగులా బయటికి జరుగుతుంది, గది వెడల్పవుతుంది. కదిలేముందు మళ్ళీ లోపలికి లాక్కోవాలి. గాలివాన వచ్చినా లాక్కోవాలి, లేకపోతే దాని నెత్తిన ఉండే గుడ్డపందిరి చిరిగి పీలికలవుతుంది.

హాలిస్ క్రెబ్స్ ఆ క్యాంపుకి చేరేసరికి పద్నాలుగు తప్ప వేరే జాగా లేదు. క్యాంపు చూసుకునే మేవిస్ అనే పెద్దావిడ కాగితం చేతికిస్తూ గొణిగింది.

"గాలి లేస్తే... మీ పందిరి పోతే పోనీండి. మీట మాత్రం నొక్కకండి."

"ఎందుకో?"

"తొమ్మిదేళ్ళ కిందట కాన్సస్ నుంచి ఓ మొగుడూ పెళ్ళాం వచ్చారు. గాలి లేచింది. ఆయన చూసుకోకుండా నొక్కేశాడు. జరిగే గోడ వెనక సందులో వాళ్ళ పిల్లి ఉంది." మేవిస్ హైవే వైపు చెయ్యి చూపించింది. "ఆవిడ మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. నడిచి హైవేకి వెళ్ళిపోయింది."

"పిల్లి దెయ్యమా!" హాలిస్ పగలబడి నవ్వాడు. "మనుషుల దెయ్యాలు అయిపోయాయా మీ దగ్గర?"

ఓహాయోలో ముప్పై ఒక్క ఏళ్ళు బాయిలర్లు తనిఖీ చేసిన మనిషాయన. ఎక్కడ ఏ చప్పుడొచ్చినా అది ఏ గొట్టంలోంచో, ఏ మర కదిలిందో చెప్పగలనని ధీమా. ఆ ధీమా ముదిరి, చప్పుడు విని భయపడేవాళ్ళంటే ఒళ్ళుమంట. అసలు ఆయనకి ఒళ్ళుమండనిదేదో వెతకాల్సిందే. తోటి ప్రయాణికులంటే మంట, ఎడారి అంటే మంట. అన్నిటికన్నా ఎక్కువ మంట పికిల్ అంటే.

పికిల్ ఆయన భార్య వెల్డా చెల్లెలిది. పదేళ్ళ నారింజరంగు పిల్లి. ఆ చెల్లెలు, నెల్, ఏప్రిల్లో పోయింది. పోయేముందు అక్క చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే — దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని. పుట్టి బుద్ధెరిగాక నెల్ రెండు గదులూ, ఓ మఖమలు సోఫా తప్ప వేరే లోకం చూడని పిల్లి. బండెక్కి నాలుగు రోజులైంది. తిండి ముట్టదు. నోరెత్తదు. ఇంజను ఉరిమితే వణుకుతుంది, ఆగితే ఎక్కడో దూరిపోతుంది.

"ఆ బొచ్చుమూట ఇవాళ ఎక్కడ చచ్చింది?" అన్నది ఆయన రోజూ వేసే ప్రశ్న.

"నెల్ వస్తువులన్నీ పంచేశాం హాలిస్. నాకు మిగిలింది ఇదొక్కటే," అనేది వెల్డా. "ఇది పోయిందంటే నేను బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతాను. నువ్వూ, నీ బండీ ఊరేగండి."

ఆ మాట ఆవిడ ఉత్తినే అనలేదు.

బండి తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. కదిలేముందు, స్లైడు లాగేముందు చూసుకోవాల్సినవన్నీ అందులో రాసుకుని, ఒక్కొక్కటే టిక్కు పెట్టడం ఆర్వీవాళ్ళకి అలవాటు. నీళ్ళ గొట్టం. మెట్టు. ఏంటెన్నా. కిటికీలు. అన్నిటి కిందా వెల్డా "పిల్లి" అని రాసింది. హాలిస్ దాని మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

"ఇది సామాన్ల లిస్టు. బొచ్చు లిస్టు కాదు."

ఆ సాయంత్రం కుర్చీల దగ్గర కూడా ఊరుకోలేదు. "పద్నాలుగులో దిగిన మగాణ్ణి," అని చెప్పుకుని తిరిగాడు. ఎవరూ నవ్వలేదు. గాడిదలు, అనుకున్నాడు.

అర్ధరాత్రి దాటాక గాలి లేచింది.

ముందు సన్నగా... తర్వాత ఇసక బండిని కొడుతూ... ఆ తర్వాత నెత్తిన పందిరిగుడ్డ టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. హాలిస్ తిట్టుకుంటూ లేచాడు. మీట దగ్గరికొచ్చాడు.

"పిల్లి?" పక్క మీంచి వెల్డా నిద్రగొంతుతో అడిగింది.

"పెట్టెలో ఉంది. పడుకో."

పికిల్ పడుకునే అట్టపెట్టెలోకి తొంగి చూశాడు. దుప్పటి కింద గుండ్రంగా, పిల్లంత ఎత్తు. చాలు.

మీట నొక్కాడు. మోటారు మూలిగింది. గోడ బెత్తెడు కదిలింది.

గర్ర్... గర్ర్... గర్ర్.

వేలు దానంతటదే లేచింది. చప్పుడు ఆగింది.

"ఇసక," అన్నాడు హాలిస్ తనలో తాను. "పళ్ళచక్రంలో ఇసక పడింది. అంతే."

మళ్ళీ నొక్కాడు. మరో బెత్తెడు.

గర్ర్... గర్ర్... గర్ర్.

ఇసక చప్పుడు అలా ఉండదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. చక్రం గీకితే ఏకధాటిగా గీకుతుంది. ఇది మూడుసార్లు గీకి... ఆగి... ఎవరైనా విన్నారా అని చూస్తున్నట్టుంది. దాంతో ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక పిల్లి దెయ్యం! ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవాన్ని బెదిరిస్తుందా! ఈసారి చివరిదాకా వదలకూడదని బొటనవేలు మీట మీద ఆనించాడు —

"హాలిస్, ఆగు!"

వెల్డా పెట్టెలో చెయ్యి పెట్టి ఉంది. ఆ చేతిలోకి వచ్చింది నెల్ పాత స్వెట్టరు. ఉండచుట్టుకుని, దుప్పటి కింద.

"పికిల్ లేదు..." ఆవిడ దుప్పటి లాగి పారేసింది. "ఇందులో పికిల్ లేదు."

టార్చి వెతుక్కున్నారు. హాలిస్ బోర్లా పడుకుని సోఫా కిందకి వెలుగు వేశాడు. అక్కణ్ణించి స్లైడు వెనక సందులోకి... ఆ చివర రెండు పచ్చటి కళ్ళు.

గోడకీ ఆ కళ్ళకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. అంతే.

భుజం దాకా చెయ్యి దూర్చి, మెడ దొరకబుచ్చుకుని లాగాడు. కొరికింది. రక్తం వచ్చేలా కొరికింది. అయినా వదల్లేదాయన. బయటికొచ్చాక వెల్డా దాన్ని గుండెకి హత్తుకుని భోరుమంది. "నెల్‌కి నేనేం చెప్పేదాన్నే... ఏం చెప్పేదాన్ని..." అంటూ ఊగిపోయింది.

హాలిస్ చెమట తుడుచుకున్నాడు. నోరు మాత్రం అప్పుడే తేరుకుంది.

"చూశావా? ఇదీ ఆ మేవిస్ దెయ్యం! ఈ బొచ్చుమూట లోపల కూర్చుని గోళ్ళతో గీకుతుంటే, ఊరంతా కలిసి కథలల్లుకున్నారు. రేపు ఆ కుర్చీల దగ్గరే కడిగేస్తా ఒక్కొక్కణ్ణీ. మూర్ఖులు... పిరికి సన్నాసులు..."

వెల్డా ఏడుపు ఆపి ఆయన వంక చూసింది.

"ఏం విన్నావు నువ్వు?"

"చెప్పాగా. గోళ్ళతో గీకింది. మూడేసి సార్లు."

ఆవిడ పికిల్ ముందుకాలు నెమ్మదిగా ఎత్తి, బొటనవేలితో నొక్కి, టార్చి వెలుగులో ఆయనకి చూపించింది. మెత్తటి గులాబీరంగు పాదం.

"దీనికి గోళ్ళు లేవు హాలిస్," అంది గుసగుసగా. "మఖమలు సోఫా పాడుచేస్తోందని నెల్ దీని చిన్నప్పుడే ఆపరేషన్ చేయించి తీయించేసింది."

గాలి బండిని ఒక్క ఊపు ఊపింది. ఆయన చెయ్యి మీట వైపు వెళ్ళలేదు. తెల్లవారేదాకా నెత్తిన పందిరి పరపరా చిరుగుతూనే ఉంది. హాలిస్ కుర్చీలో కూర్చుని వింటూనే ఉన్నాడు.

పొద్దున మేవిస్ వచ్చి పీలికల వంక చూసింది.

"లోపలికి లాగలేదన్నమాట."

"మోటారు మొరాయించింది," అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

"అవును. ఇక్కడ అందరి మోటార్లూ మొరాయిస్తాయి."

ఆవిడ వెళ్ళిపోయాక హాలిస్ చేసిన పని వెల్డా పక్కగదిలోంచి చూసింది. పికిల్ సోఫా మీదే ఉంది, ఆయన కళ్ళెదుటే. అయినా ఆయన పిల్లిబిస్కెట్ల డబ్బా తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఖాళీగా ఉన్న ఆ సందు దగ్గర గలగలా ఆడించాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని కిటికీ వైపు ఓసారి చూశాడు. తర్వాత, ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడెన్నడూ వినని గొంతుతో పిలిచాడు.

"రా... భయం లేదు... ఇటు వచ్చెయ్..."

ఏమీ కనబడలేదు. కానీ సోఫా మధ్యలో పరుచుకుని పడుకున్న పికిల్ చటుక్కున తలెత్తింది. నేల మీద దేన్నో చూపుతో అనుసరించింది... సందు నుంచి సోఫా దాకా. తర్వాత లేచి, ఓ మూలకి జరిగి, పక్కన జాగా వదిలి పడుకుంది.

హాలిస్ మీట నొక్కాడు. గోడ చప్పుడు లేకుండా లోపలికొచ్చేసింది.

మధ్యాహ్నం అరిజోనా దారిలో కాఫీకి ఆగినప్పుడు వెల్డా తలుపు మీద కాగితం చూసింది. "పిల్లి" మీద కొట్టేసిన గీత అలాగే ఉంది. దాని కింద మళ్ళీ "పిల్లి" అని హాలిస్ దస్తూరీలో.

దాని కింద, అదే దస్తూరీలో ఇంకో మాట. "ఇంకో పిల్లి."

రెండిటికీ టిక్కు పెట్టి ఉంది.