రెగ్జిన్ దుకాణంలో జొన్నరొట్టె

సిద్దిపేటలో రెగ్జిన్ కొనడానికి వచ్చేవాళ్లు రంగు చూస్తారు, ధర అడుగుతారు, బేరమాడతారు. జ్ఞానేశ్వరి మాత్రం సంచిలోంచి వేడివేడి జొన్నరొట్టె తీసింది.

విశ్వేశ్వర్ బిత్తరపోయాడు. ఆటో సీట్లకు, స్కూటర్ కవర్లకు రెగ్జిన్ అమ్మే దుకాణం అతనిది. ఆ నిగనిగలాడే బట్టలో రొట్టెను చుట్టి, స్టూలు లాక్కొని ఆమె దర్జాగా కూర్చుంది. మధ్యాహ్నానికి విప్పి, ఒక ముక్క తుంచి అతని చేతిలో పెట్టింది.

“అమ్మేటోడు తిన్నంకనే నేను కొంట సేటూ.”

తిన్నాడు. రొట్టె కొత్త చెప్పుల వాసన కొట్టింది. అతని మొహం చూసి ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుకు దుకాణం రాసిచ్చినా తప్పులేదనిపించింది అతనికి.

ఆమె బడిపిల్లలకు టిఫిన్ సంచులు కుడుతుందట. కూర కారినా పుస్తకాలు తడవకూడదు, కడిగి మళ్లీ వాడుకోవాలి, కాబట్టి పూత ఉన్న బట్టే కావాలి. కానీ ఆ పూత వేడికి అంటుకోకూడదు, నలిపితే పొట్టు రాలకూడదు, అన్నానికి వాసన పట్టకూడదు. ఇన్ని చూసి బట్ట కొనే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ పిల్లలు ఆమెకు చుట్టాలా, పక్కాలా? అయినా వాళ్ల నోట్లోకి పోయే ముద్ద గురించి ఎంత ఆరాటం! విశ్వేశ్వర్‌కు ముచ్చటేసింది.

ఆపైన వచ్చినప్పుడల్లా ఒక బట్ట, ఒక రొట్టె. రెయిన్‌కోటు బట్ట వేడికి అంటుకుంది. టేబుల్ మీద పరిచే ప్లాస్టిక్ బట్ట పొట్టు రాల్చింది. విశ్వేశ్వర్ కడుపు గడబిడగా ఉన్నా మనసు మాత్రం భేషుగ్గా ఉంది.

చివరికి ఆమె, ఇక్కడ దొరికేలా లేదు, రేపొక్కటి చూసి, కాకపోతే నాయినతో హైదరాబాద్ పోతానంది. అక్కడ బట్ట దొరికితే ఇక ఈ గడప ఎందుకు తొక్కుతుందనుకున్నాడు విశ్వేశ్వర్.

ప్రేమ ఎవరిచేత ఏం చేయిస్తుందో గానీ, విశ్వేశ్వర్‌చేత రెగ్జిన్‌కు సాంబ్రాణి పొగ వేయించింది. తలంటుకున్న ఆడపిల్ల జుట్టుకు వేసినట్టు బుట్ట బోర్లించి మరీ వేశాడు.

మర్నాడు ఆమె బట్టను వాసన చూసింది. దేవుడి పటం ముందు వేసిన పొగే అనుకొని రొట్టె చుట్టింది. మధ్యాహ్నం విశ్వేశ్వర్ ముక్క నోట్లో వేసుకున్నాడు. సాంబ్రాణీ రెగ్జినూ కలిసి గొంతు పట్టుకున్నాయి. అయినా మింగి, బాగుందన్నాడు.

“నువ్వు బాగుందంటె సాలు,” అని ఆమె రుచి కూడా చూడకుండా కత్తెర అందుకుంది.

ఆ నమ్మకానికి అతని ప్రాణం చివుక్కుమంది. కత్తెరకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“కొయ్యకు జ్ఞానేశ్వరీ. సాంబ్రాణి పొగ వెట్టిన. వాసన దాగింది గని బట్ట మారలే. నువ్వు హైదరాబాద్ పోతె మళ్ల రావని గిట్ల జేసిన. నువ్వంటె నాకు పానం.”

ఆమె కత్తెర పక్కన పెట్టింది. అంతా అయిపోయిందనుకొని అతను తల దించుకున్నాడు.

“పిల్లల తిండి కాడికి వచ్చేసరికి అబద్ధం ఆడలేకపోయినవ్. గది నచ్చింది నాకు,” అంది జ్ఞానేశ్వరి మెల్లగా. “రేపు నువ్వు గూడ హైదరాబాద్ రా. లోపల నూలు, బయట పూత ఉండే బట్ట దేవులాడుదాం. బస్సుల నిన్ను మా నాయిన పక్కన కూసోబెడ్త. ఇప్పుడు నాకు జెప్పిందే ఆయనకు గూడ జెప్పు.”

విశ్వేశ్వర్ గబగబా లేచి షట్టర్ దించబోయాడు. బస్సు రేపు పొద్దున గదా అని ఆమే గుర్తుచేయాల్సి వచ్చింది.