ఎనిమిదింటి పచ్చదీపం

పొద్దున్నే డిటెక్టివ్ తలుపు తట్టిన అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒంటరిగా బతికే పెద్దవాళ్ళ బాగోగులు కనుక్కునే ఆఫీసులో ఆమె ప్రోగ్రామర్. రోజూ ఎనిమిదింటికల్లా వాళ్ళు ఫోన్లో ‘బాగున్నాను’ మీట నొక్కాలి. నొక్కితే ఆఫీసు తెరమీద పచ్చదీపం వెలుగుతుంది, లేకపోతే ఆఫీసువాళ్ళే ఫోన్ చేస్తారు.

“ఒక మాస్టారు ఇంట్లో జారిపడి రెండ్రోజులు లేవలేకపోయారండీ. ఆ రెండ్రోజులూ పచ్చదీపమే! నా ప్రోగ్రామే తప్పంటున్నారు. ఉద్యోగం పోతే పోనీండి, ఆయన ప్రాణం మీదికి తెచ్చింది నేనేనా? అది తేల్చండి చాలు.”

డిటెక్టివ్ వెంటనే బయల్దేరాడు. వెనకే అసిస్టెంటు. ఒంటిగదిలో ఒక్కడే వండుకు తినే డిటెక్టివ్‌కి, ఆ రెండ్రోజులు ఎలా గడిచి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునే పెద్దావిడ కళ్ళొత్తుకుంది. “మాస్టారు మీట ఎప్పుడూ నొక్కేవారు కాదు బాబూ. నేనే ఫోన్ చేసేదాన్ని, అరగంట కబుర్లు. నెల్నించీ పచ్చదీపం వస్తోంది కదా అని మానేశాను.”

“లైను ఖాళీ అయింది, మిగతావాళ్ళకి దొరుకుతోంది,” అన్నాడు మేనేజర్.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రిలో ఉన్న మాస్టారి దగ్గర ఫోను తీసుకుని, ఆపేసి, డిటెక్టివ్ జేబులో పెట్టుకున్నాడు. ప్రోగ్రామర్ నెట్‌వర్క్ మీద కాపు కాసి, బయటినుంచి వచ్చే ప్రతి సందేశాన్నీ పట్టి చూపించింది. మాస్టారిది రాలేదు. పచ్చదీపం మాత్రం ఠంచనుగా వెలిగింది.

“దయ్యమా సార్?” అన్నాడు అసిస్టెంటు.

“కాదోయ్. ఆఫీసు కంప్యూటర్ తనకు తానే సందేశం పంపుకుంటే, అది బయటి తీగ ఎక్కదు.”

“అయ్యో! వారంగా బయటే చూస్తున్నాను,” అని ఆమె నెత్తి కొట్టుకుంది.

మూడోరోజు కంప్యూటర్ లోపలి సందేశాల మీద కాపు కాశారు. ఎనిమిది దాటగానే డిటెక్టివ్ అందరినీ పిలిచాడు.

“మాస్టారి పేరిట ‘బాగున్నాను’ అన్నది ఈ కంప్యూటరే. ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోడానికి ఈ అమ్మాయి కట్టిన పేజీలోంచి, ఆ సందేశం రోజూ వెళ్ళేలా ఎవరో ఏర్పాటు చేశారు. ఆ పేజీ ప్రతి సందేశానికీ పంపినవాళ్ళ లాగిన్ పేరు తగిలిస్తుంది. ఇదిగో చూడండి, మీదే మేనేజర్ గారూ!”

మేనేజర్ తల వంచుకున్నాడు. “ఒక్కడికే అరగంటా అనిపించింది. ఎప్పుడు చేసినా బాగానే ఉంటాడు కదా అనుకున్నా...”

ప్రోగ్రామర్ బల్లమీద తలపెట్టి భోరుమంది. వారంగా మోసిన బరువు దిగిపోయింది.

“మాస్టారికి చెయ్యి పనిచెయ్యదేమో అనుకునేదాన్ని,” అంది పెద్దావిడ.

“నిన్న ఆస్పత్రిలో అడిగానమ్మా. చెయ్యి బాగానే ఉంది.” డిటెక్టివ్ గొంతు తగ్గింది. “‘నొక్కితే ఆవిడ ఫోన్ చెయ్యదు కదా’ అన్నారు.”

 పెద్దావిడ ముక్కు తుడుచుకుని ఆస్పత్రి నంబరు అడిగింది.